మెట్ల కింద ఏ బ్యాటరీ? లెడ్ యాసిడ్, లిథియం మధ్య ఎంచుకునే ముందు

పోయిన మార్చిలో మా మెట్ల కింది ఇన్వర్టర్ బ్యాటరీ (ట్యూబులర్ అనే లెడ్ యాసిడ్ రకం) మూతలు విప్పి టార్చి వేసి చూశాను. ఆరు గదుల్లో నాలుగింటిలో నీళ్లు ప్లేట్ల కన్నా కిందికి దిగిపోయాయి. టెర్మినళ్ల చుట్టూ ఉప్పు పేరుకున్నట్టు తెల్లగా, అక్కడక్కడ పచ్చగా చిలుము. మూడు నెలలకోసారి డిస్టిల్డ్ వాటర్ పోయాలని కొన్నప్పుడే దుకాణదారు చెప్పాడు. మొదటి ఏడాది పోశాను. రెండో ఏడాది గుర్తొచ్చినప్పుడు పోశాను. ఆ తర్వాత చీపుళ్లు, పాత చెప్పుల వెనక అదొకటి ఉందన్న సంగతే మరిచిపోయాను. ఆరేడు గంటలు నడవాల్సిన ఫ్యాన్లు ఇరవై నిమిషాలకే ఆగిపోతుంటే అప్పుడు గుర్తొచ్చింది. తప్పు పూర్తిగా నాదే.

కొత్తది కొందామని రెండు దుకాణాలు తిరిగాను. మొదటి ఆయన, "ఈ కాలంలో ఇంకా లెడ్ ఏమిటండీ?" అన్నాడు. రెండో ఆయన, "లిథియం ఫోన్లకు బాగుంటుందండీ, ఇంటికి ఎందుకు?" అన్నాడు. ఎవరి దగ్గర ఏ సరుకు ఉంటే అదే మంచిదని ఎవరైనా అంటారు, అందులో వింత లేదు. అయితే ఇద్దరిలో ఒక్కరూ నన్ను అడగని ప్రశ్న ఒకటుంది: మీ ఇంట్లో కరెంటు ఎన్నిసార్లు పోతుంది, ఎంతసేపు పోతుంది? బ్యాటరీ ఎంపిక మొత్తం ఆ ప్రశ్న మీదే ఆధారపడి ఉంది.

ముందు క్యాలెండర్

నేను చేసింది చాలా చిన్న పని. వంటింట్లో తగిలించిన క్యాలెండర్ గడుల్లో ఏప్రిల్, మే నెలల్లో కరెంటు పోయినప్పుడల్లా ఎన్ని నిమిషాలో పెన్సిలుతో రాశాను. పాల లెక్క రాసే చోటు కాబట్టి మరిచిపోవడం కుదరలేదు. రెండు నెలల్లో 38 సార్లు పోయింది. అన్నీ కలిపితే 17 గంటలు. గాలివాన వచ్చిన ఒక్క రాత్రే అయిదు గంటలు. మిగతావన్నీ పది నిమిషాలు, అరగంట బాపతు.

ఇక ఇంట్లో వాడకం. 30 వాట్ల కొత్త రకం ఫ్యాన్లు రెండు, 75 వాట్ల పాత ఫ్యాను ఒకటి, నాలుగు ఎల్ఈడీ బల్బులు, వైఫై డబ్బా. అన్నీ కలిపి 180 వాట్లు. 17 గంటలకు 3,060 వాట్ అవర్లు. బ్యాటరీలోని విద్యుత్తును ఇంటికి పనికొచ్చేలా మార్చడంలో ఇన్వర్టర్ కొంత తినేస్తుంది, అది కూడా కలుపుకుంటే 3,600. పన్నెండు వోల్టుల 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) బ్యాటరీలో పట్టేది 12 ఇంటూ 150, అంటే 1,800 వాట్ అవర్లు. మండు వేసవి రెండు నెలల్లో మా బ్యాటరీ చేయాల్సిన మొత్తం పని, నిండుగా ఉన్నది రెండుసార్లు ఖాళీ అయినంత. ఏడాది పొడవునా వేసవే ఉన్నా పన్నెండుసార్లు.

లిథియం అమ్మే ఆయన నాకు చూపించిన కరపత్రంలో 3,000 సైకిళ్లు అని పెద్ద అక్షరాల్లో ఉంది. ఒక సైకిల్ అంటే పూర్తిగా నిండి పూర్తిగా ఖాళీ కావడం. నా లెక్కన అవి అయిపోవడానికి 250 ఏళ్లు పడుతుంది. అంతకాలం బ్యాటరీ ఉండదు, ఇల్లూ ఉండదు. వాడినా వాడకపోయినా రసాయనాలు ముసలివవుతాయి. లిథియం పదేళ్ల చుట్టుపక్కల, బాగా చూసుకున్న ట్యూబులర్ అయిదారేళ్లు. అప్పుడప్పుడు మాత్రమే కరెంటు పోయే ఇంట్లో బ్యాటరీని చంపేది పని కాదు, వయసు. అలాంటి ఇంటికి సైకిళ్ల సంఖ్య చూపించి అమ్మడమంటే, వారానికోసారి గుడికి వెళ్లడానికి కారు కొనేవారికి అది అయిదు లక్షల కిలోమీటర్లు తిరుగుతుందని చెప్పడం లాంటిది.

ఇదే క్యాలెండర్ మరో ఇంట్లో మరోలా ఉంటుంది. రోజూ నాలుగు గంటలు కరెంటు లేని ఊళ్లో 200 వాట్లు వాడే ఇల్లు అనుకుందాం. రోజుకు 800, నష్టాలతో కలిపి 950 వాట్ అవర్లు. 150 ఏహెచ్ ట్యూబులర్ రోజూ సగానికి పైగా ఖాళీ అవుతుంది, ఏడాదికి 365 సార్లు. తయారీదారులు చెప్పే వెయ్యి, పదిహేను వందల సైకిళ్లు చల్లటి గదిలో, వేళకు నీళ్లు పోస్తూ, రోజూ పూర్తిగా నింపుతూ చూసుకున్న బ్యాటరీకి. మన ఎండల్లో అది మూడేళ్లు దాటితే అదృష్టం. అదే పని 12.8 వోల్టుల 100 ఏహెచ్ లిథియం ఎనిమిదేళ్లు చేయగలదు. ఇక్కడ లిథియం ధర రెట్టింపు ఉన్నా చివరికి చవకే.

కాబట్టి నా మొదటి సలహా: నెల రోజులు ఆగి, క్యాలెండర్ మీద రాయండి. అది కుదరకపోతే కనీసం కరెంటు పోయే తీరు గుర్తు తెచ్చుకోండి.

వంద, నూటయాభై సమానమేనా?

"మా లిథియం వంద, వాళ్ల ట్యూబులర్ నూటయాభైకి సమానం" అనే మాట దుకాణంలో తప్పకుండా వినిపిస్తుంది. ఇది సగం నిజం. ఆ సగం ఏదో తెలిస్తే ఎక్కువ డబ్బు పోగొట్టుకోకుండా ఉంటాం, అందుకే ఇక్కడ కాస్త ఆగుతాను.

ట్యూబులర్ డబ్బా మీద 150 ఏహెచ్ పక్కన చిన్న అక్షరాల్లో సీ20 అని ఉంటుంది. ఇరవై గంటలపాటు నెమ్మదిగా, ఏడున్నర ఆంపియర్ల చొప్పున తీస్తే 150 వస్తుందని దాని అర్థం. తొందరపెడితే అంత రాదు. 300 వాట్ల లోడు పెడితే బ్యాటరీ నుంచి సుమారు 30 ఆంపియర్లు లాగుతుంది. అప్పుడు 150లో 120 మాత్రమే దక్కుతుంది. లెడ్ బ్యాటరీలకు ఉన్న ఈ గుణం 19వ శతాబ్దం చివర్లోనే లెక్కకట్టి పెట్టారు. లిథియానికి ఈ బాధ దాదాపు లేదు, ఎంత వేగంగా తీసినా వంద వందే.

ఇప్పుడు రెండింటినీ పక్కపక్కన పెడదాం. 300 వాట్లకు ట్యూబులర్ నాలుగు గంటలు, లిథియం మూడున్నర గంటల పైచిలుకు. దాదాపు సమానమే, దుకాణదారు మాట ఇక్కడ నిజం. అదే 90 వాట్లకు, అంటే రెండు ఫ్యాన్లు, రెండు మూడు బల్బులకు చూడండి. ట్యూబులర్ పదహారు గంటలు లాగుతుంది, లిథియం పన్నెండు గంటలకు చేతులెత్తేస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని తాకినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటి రాత్రి ఎవరూ టీవీ, మిక్సీ పెట్టరు. ఒక బల్బు, ఒక ఫ్యాను, ఫోన్ల చార్జింగు అంతే. నెమ్మదిగా తాగితే ఎక్కువ ఇచ్చే పాత బ్యాటరీకి ఆ రాత్రి పై చేయి.

అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. ఆ పదహారు గంటలు బ్యాటరీని అడుగంటా పిండితేనే వస్తాయి. తుపాను రాత్రి ఒకసారి పిండితే ఏమీ కాదు. రోజూ పిండితే ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడి కొన్ని నెలల్లోనే మూలకు చేరుతుంది. రోజువారీ వాడకానికి లెడ్ బ్యాటరీలో సగమే మనది, లిథియంలో ఎనభై, తొంభై శాతం మనది. రోజూ వాడేవారికి లిథియం వంద నూటయాభైకి సమానం మాత్రమే కాదు, ఇంకా ఎక్కువే. ఏడాదికి ఒక పెద్ద రాత్రి కోసం దాచుకునేవారికి కాదు.

నింపడంలో అసలు తేడా

బ్యాకప్ గురించి అందరూ అడుగుతారు, తిరిగి నిండడానికి ఎంతసేపని తక్కువమంది అడుగుతారు. నన్ను అడిగితే ఈ రెంటి మధ్య పెద్ద తేడా అక్కడే ఉంది.

లెడ్ బ్యాటరీ ఎనభై శాతం వరకు చకచకా నిండుతుంది. మిగతా ఇరవై శాతానికి మాత్రం ఇడ్లీ పిండి పులవడానికి పట్టినంత సమయం పడుతుంది. వోల్టేజి 14.4 దగ్గర పట్టి ఉంచి, కరెంటు తగ్గుతూ తగ్గుతూ వచ్చి, గంటలు గడిస్తేగాని నిండదు. 150 ఏహెచ్ బ్యాటరీకి మామూలు ఇన్వర్టర్ ఇచ్చే పదిహేను ఆంపియర్లతో పది, పన్నెండు గంటలు. కరెంటు వచ్చి పోయి, వచ్చి పోయి ఉండే ఊళ్లలో ఆ చివరి ఇరవై శాతం ఎప్పుడూ నిండదు. సగం ఆకలితో ఉండే లెడ్ బ్యాటరీ త్వరగా చచ్చిపోతుంది. బ్యాటరీ నాసిరకమని తిట్టుకునేవారిలో చాలామందికి అసలు కారణం ఇదే.

లిథియానికి ఆ పట్టింపు లేదు. సగం నిండినా సరే, ముప్పావు నిండినా సరే. నిజానికి నిండుగా ఎండలో కూర్చోబెట్టడమే దానికి ఇష్టం ఉండదు. ఒకటి నిండకపోతే పాడవుతుంది, రెండోది ఎప్పుడూ నిండి ఉంటే అరుగుతుంది. సగం సామర్థ్యం వేగంతో, అంటే 100 ఏహెచ్‌కు 50 ఆంపియర్లు పెట్టినా రెండు గంటల్లో నిండుతుంది. కానీ మీ పాత ఇన్వర్టర్ ఇచ్చేది పదిహేను ఆంపియర్లే అయితే లిథియమైనా ఏడు గంటలు పడుతుంది. ఈ సంగతి చెప్పకుండా 'రెండు గంటల్లో ఫుల్' అని అమ్మేస్తుంటారు. ఇన్వర్టర్ ఎన్ని ఆంపియర్లతో చార్జి చేస్తుందో అడిగి తీరాలి.

వృథా కూడా చూడాలి. లెడ్ బ్యాటరీలోంచి వెయ్యి వాట్ అవర్లు వాడుకుంటే తిరిగి నింపడానికి పన్నెండు, పదమూడు వందలు పోయాలి. లిథియానికి పది, పదకొండు వందలు చాలు. మా ఇంటి లెక్కన ఏడాదికి ఇది నాలుగైదు యూనిట్లు, పట్టించుకోనక్కరలేదు. సోలార్ పలకలతో నింపుకునేవారికి మాత్రం ఇది అదనంగా ఒక పలక కొనడమో మానడమో అవుతుంది. సోలార్ మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను: 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద చాలామంది పెట్టించుకుంటున్న రూఫ్‌టాప్ వ్యవస్థలు గ్రిడ్‌కు (బయటి కరెంటు లైన్లకు) కలిపినవి. లైన్ల మీద పనిచేసేవారి భద్రత కోసం, బయట కరెంటు పోగానే అవీ ఆగిపోతాయి. నెత్తిన ఎండ మండుతున్నా ఇంట్లో ఫ్యాను తిరగదు. బ్యాటరీ ఉన్న హైబ్రిడ్ ఇన్వర్టర్ కావాలంటే అది వేరే కొనుగోలు, దానికి నేనైతే లిథియమే పెడతాను.

బరువు, భుజం

మా బాబాయి పల్నాడులో మిర్చి వేస్తారు. ఆయన వీపున మోసే బ్యాటరీ స్ప్రేయర్‌లో పదహారు లీటర్ల మందు నీళ్లు, దాని అడుగున పన్నెండు వోల్టుల ఎనిమిది ఏహెచ్ లెడ్ బ్యాటరీ ఉండేవి. బ్యాటరీ ఒక్కటే రెండున్నర కిలోలు. పోయిన ఏడాది అది పాడైతే అంతే సామర్థ్యం ఉన్న లిథియం పెట్టించారు, కిలో బరువు. ఆయన మాత్రం బరువు గురించి మాట్లాడలేదు. "మధ్యాహ్నం కూడా పొగమంచులాగే పడుతోందిరా" అన్నారు.

విషయమేమిటంటే, లెడ్ బ్యాటరీ ఖాళీ అవుతున్నకొద్దీ వోల్టేజి జారుతూ వస్తుంది. నిండుగా ఉన్నప్పుడు 12.7, సగానికి 12.2, ఆ తర్వాత 12 కిందికి. వోల్టేజి తగ్గితే మోటారు నీరసపడుతుంది, ఒత్తిడి తగ్గుతుంది, పొద్దున పొగలా పడిన మందు మధ్యాహ్నానికి చినుకులుగా పడి ఆకు మీంచి జారిపోతుంది. లిథియం చివరి దాకా దాదాపు ఒకే వోల్టేజిలో నడిచి, అయిపోగానే ఒక్కసారిగా ఆగిపోతుంది. ముందస్తు హెచ్చరిక ఉండదు, అది దానిలోని లోపం. చేను మధ్యలో సగం డబ్బాతో నిలబడ్డప్పుడు ఆ లోపం బాగా తెలుస్తుందట.

ఇక్కడే ఒక ప్రమాదం గురించి చెప్పాలి. స్ప్రేయర్లకు, టార్చిలకు లిథియం పేరుతో రెండు రకాలు అమ్ముతారు. ఒకటి ఐరన్ ఫాస్ఫేట్ రకం, నాలుగు సెల్స్, నిండితే 14.6 వోల్టులు. రెండోది ల్యాప్‌టాప్‌లలో వాడే రకం మూడు సెల్స్ కట్ట, నిండితే 12.6 వోల్టులే. లెడ్ బ్యాటరీతో వచ్చిన పాత చార్జరు 14 వోల్టుల దాకా తోస్తుంది. దాన్ని ఈ మూడు సెల్స్ కట్టకు తగిలిస్తే, లోపలున్న ఓ చిన్న రక్షణ బోర్డు తప్ప మంటకూ మీకూ మధ్య అడ్డేమీ ఉండదు. బ్యాటరీ మారిస్తే చార్జరూ మార్చాలి. రెండు మూడు వందలు మిగిలించుకుందామని పాత చార్జరు వాడకండి.

మోసుకెళ్లే ఏ పనికైనా లెడ్‌తో పోలికే అనవసరం. కిలోకు లెడ్ 30 నుంచి 40 వాట్ అవర్లు దాచుకుంటే, ఐరన్ ఫాస్ఫేట్ కట్టలు వంద చుట్టుపక్కల, ల్యాప్‌టాప్ రకం సెల్స్ 200 పైన. మా వీధి మలుపులో మిర్చి బజ్జీల బండి ఆయన ఏళ్ల తరబడి పాత కారు బ్యాటరీతో దీపాలు పెట్టేవాడు. రోజూ పన్నెండు కిలోల డబ్బా సైకిలు వెనక కట్టుకుని ఇంటికి తీసుకెళ్లి చార్జింగు పెట్టి తెచ్చేవాడు. పైగా కారు బ్యాటరీ ఇంజను తిప్పడానికి రెండు క్షణాలు గట్టిగా తోసే రకం, అయిదు గంటలు నెమ్మదిగా వెలిగించే పని దానికి చేతకాదు, ఏడాది తిరక్కుండానే పోతుంది. ఆయన దీపాలు 40 వాట్లు, అయిదు గంటలకు 200 వాట్ అవర్లు. 12.8 వోల్టుల 20 ఏహెచ్ లిథియం 256 ఇస్తుంది, సంచిలో వేసుకుని వెళ్లేంత బరువే. రోజూ వాడేది, రోజూ మోసేది అయినప్పుడు ఇంకో ఆలోచన అక్కరలేదు.

పవర్‌బ్యాంకులూ లిథియమే కాబట్టి రెండు మాటలు. 20,000 ఎంఏహెచ్ అని రాసి ఉంటే అది లోపలి 3.7 వోల్టుల దగ్గర లెక్క, 74 వాట్ అవర్లు. ఫోనుకు అయిదు వోల్టుల్లో చేరేది పన్నెండు, పదమూడు వేలే. విమానంలో వంద వాట్ అవర్ల లోపువి చేతిసంచిలోనే తీసుకెళ్లాలి, లగేజీలో వేయకూడదు. అమెరికా వెళ్లే పెద్దవాళ్ల పెట్టెల్లో పచ్చళ్ల మధ్య పవర్‌బ్యాంకు సర్దేసి విమానాశ్రయంలో పెట్టె విప్పించుకున్నవారు మా బంధువుల్లోనే ఇద్దరున్నారు. మరొకటి, వేలెడంత గుండ్రటి 18650 సెల్ మీద 9,900 ఎంఏహెచ్ అని ముద్రించి ఉంటే అది అబద్ధం. ఆ సైజులో మంచి కంపెనీ సెల్‌కు కూడా 3,500 ప్రాంతమే.

భయాల సంగతి

2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో, విజయవాడలో ఇళ్లలో చార్జింగు పెట్టిన ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీలు పేలి ప్రాణాలు పోయాయి. లిథియం అనగానే మన ఊళ్లలో కలిగే జంకు అప్పటిది, అది అర్థం లేని జంకు కాదు. ఆ తర్వాత వాహన బ్యాటరీల పరీక్షలు కఠినం చేస్తూ ఏఐఎస్ 156 నిబంధనలను 2022 డిసెంబరు నుంచి, 2023 మార్చి నుంచి రెండు దశల్లో అమలు చేశారు. ఇంటి ఇన్వర్టర్లకు వచ్చేవి ఎక్కువగా ఐరన్ ఫాస్ఫేట్ రకం. స్కూటర్లలో తరచుగా వాడే నికెల్ రకాల కన్నా చాలా ఎక్కువ వేడికిగాని ఇది అదుపు తప్పదు. అసలు అంటుకోదని మాత్రం ఎవరైనా చెబితే నమ్మకండి. డబ్బా మీద 'లిథియం అయాన్' అని మాత్రమే ఉంటే ఏ రకమో అడగండి. చెప్పలేకపోతే కొనకండి. సెల్స్‌కు ఐఎస్ 16046 గుర్తు ఉందో లేదో చూడండి. మరీ చవకగా వస్తే పాత వాహనాల నుంచి ఊడదీసిన సెల్స్ కొత్త డబ్బాలో కూర్చుని ఉండవచ్చు.

లెడ్ బ్యాటరీ భయం మనకు అలవాటైపోయి కనిపించదు. చార్జి అవుతున్నప్పుడు దాన్నుంచి హైడ్రోజన్ వస్తుంది. గాలిలో నాలుగు శాతం చేరితే నిప్పురవ్వ చాలు. మెట్ల కింద దేవుడి అర పక్కనే బ్యాటరీ, దాని మీద అగరొత్తుల పెట్టె ఉన్న ఇళ్లు నేను చూశాను. గాలి ఆడే చోట పెట్టాలి, దీపానికి దూరంగా ఉంచాలి. నీళ్లు పోసేటప్పుడు కళ్లద్దాలు పెట్టుకోవాలి, యాసిడ్ చుక్క చీర మీద పడితే చిల్లి, కంట్లో పడితే ఆసుపత్రి.

వేడి రెంటికీ శత్రువే. 25 డిగ్రీల పైన ప్రతి పది డిగ్రీలకూ లెడ్ బ్యాటరీ ఆయుష్షు సగానికి పడుతుందని వాడుకలో ఉన్న లెక్క. రెంటచింతలలోనో రామగుండంలోనో మేడ మీద రేకుల గదిలో పెడితే ఏ కంపెనీ బ్యాటరీ అయినా పాపం ఏం చేస్తుంది?

వరద కూడా ఇందులో కలపాలి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ వైపు ఇళ్లు నీట మునిగాయి. నీళ్లు గుమ్మం ఎక్కుతున్నప్పుడు అరవై కిలోల ట్యూబులర్‌ను ఎవరూ మేడ మీదికి మోయలేరు. పన్నెండు, పదమూడు కిలోల లిథియాన్ని ఒక్కరే ఎత్తగలరు, అసలు గోడకే ఎత్తులో బిగించుకోవచ్చు.

ఆరు నెలలు తాళం వేసే ఇల్లు

ఇది మన ఇళ్లలో చాలా ఎక్కువగా ఉన్న పరిస్థితి, కొనేటప్పుడు ఎవరూ అడగని సంగతి కూడా. పిల్లలు అమెరికాలో, పెద్దవాళ్లు ఇక్కడ. ఆరు నెలలు అక్కడికి వెళతారు, ఇంటికి తాళం. మెయిన్ స్విచ్ ఆపేసి వెళితే లెడ్ బ్యాటరీ తనంతట తాను కరిగిపోతూ, ఇన్వర్టర్ కూడా కొంచెం కొంచెం లాగుతూ ఉండగా ఖాళీ అయి సల్ఫేటు పట్టేస్తుంది. ఆపకుండా వెళితే ఆరు నెలలు చార్జి అవుతూనే ఉండి నీళ్లు ఇగిరిపోతాయి. తిరిగొచ్చాక రెండూ ఒకటే. లిథియం అయితే సగం, అరవై శాతం దగ్గర స్విచ్ ఆపేసి వెళ్లవచ్చు. నెలకు రెండు మూడు శాతమే తగ్గుతుంది, వచ్చాక మామూలుగా నడుస్తుంది. కరెంటు అంతగా పోని హైదరాబాద్ అపార్ట్‌మెంటులో ఉన్నా సరే, ఏటా ఇలా వెళ్లివచ్చేవారికి నేను లిథియమే చెబుతాను. ఇంట్లో నీళ్లు పోసేవారు లేని ఒంటరి పెద్దవాళ్లకు కూడా.

పాత ఇన్వర్టర్‌కు కొత్త బ్యాటరీ

ఉన్న ఇన్వర్టర్ బాగానే ఉంటే, లిథియానికి మారే ముందు దాని వెనక చూడండి. ఫ్లాట్, ట్యూబులర్ అని (రెండూ లెడ్ రకాలే) చిన్న మీట ఉంటుంది. కొత్త వాటిలో లిథియం అని కూడా ఉంటుంది. లేకపోయినా 14.4 వోల్టుల దగ్గర ఆగే రకమైతే నడుస్తుంది. కొన్ని ఇన్వర్టర్లు లెడ్ ప్లేట్లను శుభ్రం చేయడానికి అప్పుడప్పుడు 15 వోల్టుల పైకి తోస్తాయి, అప్పుడు లిథియంలోని రక్షణ బోర్డు తలుపు మూసేస్తుంది, ఇల్లు చీకటవుతుంది. ఇన్వర్టర్ మీద బ్యాటరీ ఎంత మిగిలిందో చూపే గీతలను కూడా నమ్మలేం. అవి జారే వోల్టేజిని చూసి చెప్పేవి, లిథియం వోల్టేజి జారదు. చివరి నిమిషం దాకా నిండుగా ఉన్నట్టే చూపిస్తాయి. పాత లెడ్ బ్యాటరీ పక్కన కొత్త లిథియాన్ని జంటగా కలపడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లో వద్దు. ఫ్రిజ్ లాంటి మోటారున్న వస్తువు నడపాలంటే, మొదలయ్యే క్షణంలో అది అయిదారు రెట్లు లాగుతుంది, రక్షణ బోర్డు ఎన్ని ఆంపియర్లు తట్టుకుంటుందో అడగాలి.

మరమ్మతు విషయంలో పాతదే మేలు. లెడ్ బ్యాటరీ 1859లో ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటే చేతుల్లో పుట్టింది, మండల కేంద్రంలో ఏ మెకానిక్కయినా దాని జబ్బులన్నీ తెలుసు. యాసిడ్ చిక్కదనం కొలిచే హైడ్రోమీటరు ముంచి 1.240 వస్తే నిండినట్టు, 1.150 వస్తే అడుగంటినట్టు అని అక్కడికక్కడే చెప్పేస్తాడు. లిథియం డబ్బా తెరవకూడదు. బోర్డు పోతే మొత్తం కంపెనీకి పంపాలి. మీ ఊరికి దగ్గర్లో ఆ కంపెనీ సర్వీసు లేకపోతే పదేళ్ల వారంటీ కాగితం గోడకు అతికించుకోవడానికే. తిరుపతి కరకంబాడిలో లెడ్ బ్యాటరీలు చేసే అమరరాజా, మహబూబ్‌నగర్ పక్కన దివిటిపల్లిలో లిథియం కర్మాగారానికి 2023లో శంకుస్థాపన చేసింది. అలాంటివి పెరిగితే ఈ ఇబ్బంది తగ్గుతుంది.

వారంటీలో '36+24' అని కనిపిస్తే అరవై నెలలు అనుకోకండి. మొదటి 36 నెలలే ఉచితంగా మారుస్తారు. తర్వాతి 24 నెలల్లో పాడైతే కొత్తదాని ముద్రిత ధరలో కొంత శాతం తగ్గిస్తారు. ముద్రిత ధర మీద దుకాణంలో మామూలుగానే తగ్గింపు ఉంటుంది కాబట్టి ఆ రెండో భాగానికి నేను పెద్దగా విలువ ఇవ్వను. లెడ్ బ్యాటరీ తయారీ నెల కూడా చూడాలి, ఆరు నెలలు దుకాణంలో మగ్గినది అప్పటికే సగం ముసలిది.

పాత బ్యాటరీ ఇచ్చేటప్పుడు లెడ్‌కు సీసం బరువు మీద కొన్ని వేలు తగ్గిస్తారు, పాత లిథియానికి ఇప్పటికైతే దాదాపు ఏమీ రాదు. ధరలు పోల్చేటప్పుడు ఆ మొత్తం తీసేసి చూడాలి. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాతవి వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదారులది. పాతసామాన్ల వాళ్లకు అమ్మితే ఎక్కడో ఊరి చివర ఆరుబయట సీసం కరిగిస్తారు, ఆ పొగ అక్కడి పిల్లల రక్తంలోకి వెళుతుంది. వందో రెండొందలో ఎక్కువొచ్చినా దుకాణానికే ఇవ్వండి. 2025 సెప్టెంబరు 22 నుంచి లెడ్ బ్యాటరీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది, లిథియం మీద అంతకు ముందే 18. పన్ను పేరు చెప్పి లిథియం చవకని అనడానికి ఇప్పుడు లేదు.

నేనేం కొన్నానని అడుగుతారు. లెక్క కోసం ట్యూబులర్ 15 వేలు, అయిదేళ్లు. లిథియం 30 వేలు, పదేళ్లు అనుకున్నాను. ఏడాదికి రెండూ మూడు వేలే. మా ఇంటి వాడకానికి డబ్బు దగ్గర తేడా రాలేదు, తేడా మూడు నెలలకోసారి నీళ్లు పోసే మనిషి దగ్గర వచ్చింది. ఆ మనిషి ఎలాంటివాడో నాకు బాగా తెలుసు కాబట్టి లిథియం కొనబోయాను. మా ఆవిడ ఆపింది. నీళ్ల సంగతి తను చూసుకుంటానంది, మిగిలిన 15 వేలతో పాత ఫ్యాను, పాత మిక్సీ మార్చింది. ట్యూబులర్ ఇప్పుడు మెట్ల కింద కాదు, వెనక వరండాలో గాలి ఆడేచోట, రెండు ఇటుకల ఎత్తులో ఉంది. దాని పక్క గోడ మీద మార్కర్‌తో నీళ్లు పోసిన తేదీలు వరసగా ఉన్నాయి, అన్నీ ఆవిడ చేతిరాతే.